సరిహద్దు సహకార నిధులు (ఇంటర్‌రెగ్): చిన్న కంపెనీకి పోటీలో నిజంగా పనికొస్తాయా?

తూర్పుగాలి

అందరికీ నమస్కారం. నేను జర్మనీలో, నెదర్లాండ్స్ సరిహద్దుకు దగ్గర్లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఆహార పరిశ్రమ వాడే యంత్రాలకు సెన్సర్లు తయారు చేస్తాం. ఈమధ్య ఇక్కడి ఆర్థికాభివృద్ధి ఆఫీసు వాళ్లు వచ్చి ఇంటర్‌రెగ్ గురించి చెప్పారు. అవతలి దేశంలోని కంపెనీతోనో కాలేజీతోనో కలిసి ప్రాజెక్ట్ పెట్టుకుంటే ఖర్చులో కొంత భాగం యూరోపియన్ యూనియన్ ఇస్తుందట. మా ఓనర్ ఆ కాగితాలన్నీ నాకిచ్చి, చదివి సలహా చెప్పమన్నారు.

చదివాను. "పోటీ సామర్థ్యం", "నవకల్పన" అనే మాటలు పేజీ పేజీకీ ఉన్నాయి. కానీ మూడేళ్లు గడిచాక మా కంపెనీ చేతిలో ఏం మిగులుతుందో మాత్రం తేలలేదు. ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లు ఇక్కడ ఉంటే చెప్పండి. దీనివల్ల నిజంగా వ్యాపారం బలపడుతుందా? లేక మీటింగులు, రిపోర్టులతోనే సరిపోతుందా?

లెక్కలపుస్తకం

తూర్పుగాలి గారూ, నేను ఒక ప్రభుత్వ సంస్థలో ఇలాంటి ప్రాజెక్టుల ఖర్చుల లెక్కలు చూస్తుంటాను. ముందు డబ్బు ఎలా కదులుతుందో చెబుతాను. చాలామంది చిన్న కంపెనీలవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

ఇంటర్‌రెగ్ 1990లో మొదలైంది. ఇప్పుడు నడుస్తున్నది ఆరో దశ, 2021 నుంచి 2027 వరకు. డబ్బు యూరోపియన్ ప్రాంతీయ అభివృద్ధి నిధి నుంచి వస్తుంది. మీ సరిహద్దుకు జర్మనీ–నెదర్లాండ్స్ ప్రోగ్రామ్ విడిగా ఉంది. దాని సచివాలయం జర్మనీలోని క్లేవేలో ఉంది. కింద నాలుగు యూరెజియోలు, అంటే సరిహద్దుకు రెండు వైపుల స్థానిక సంస్థలు కలిసి నడిపే సహకార సంఘాలు ఉన్నాయి. వాటిలో పాతది గ్రోనావులోని యూరెజియో, 1958 నాటిది. మీరు మొదట మాట్లాడాల్సింది మీ ప్రాంతం ఏ యూరెజియో కిందికి వస్తుందో ఆ ఆఫీసుతోనే. దరఖాస్తు రాయకముందే వాళ్లతో కూర్చుంటే ఐడియా ఆ ప్రోగ్రామ్‌కు సరిపోతుందో లేదో చెప్పేస్తారు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఈ డబ్బు ముందుగా రాదు. మీరు జీతాలు ఇచ్చి, సామాను కొని, బిల్లులు కట్టాక రిపోర్ట్ పెడతారు. దాన్ని కంట్రోలర్, అంటే ఖర్చులు తనిఖీ చేసే అధికారి పరిశీలిస్తారు. తర్వాత ప్రోగ్రామ్ అధికారులు చూస్తారు. అంతా అయ్యాక డబ్బు లీడ్ పార్ట్‌నర్ (అందరి తరఫున ప్రాజెక్ట్ బాధ్యత తీసుకునే సంస్థ) ఖాతాకు వచ్చి, అక్కడి నుంచి మీకు చేరుతుంది. ఈలోపు నెలలు గడుస్తాయి. అన్ని నెలల జీతాలు సొంత డబ్బుతో నెట్టుకురాగలరా అని మీ ఓనర్‌ని ఇప్పుడే అడగండి. లేకపోతే గ్రాంట్ మంజూరైన కంపెనీకే నగదు కటకట వస్తుంది.

ఇంకోటి, 80 శాతం వస్తుందని ఎక్కడైనా చదివి ఉంటారు. అది ప్రస్తుత దశలో ప్రోగ్రామ్ స్థాయిలో ఈయూ భరించే గరిష్ఠ పరిమితి. ఒక ప్రైవేటు కంపెనీ వాటాకు అంత వస్తుందని లెక్క వేసుకోవద్దు.

నిలదీత

నా అనుభవం వేరు, కాబట్టి గట్టిగానే చెబుతాను. నేనుండే సరిహద్దు ప్రాంతంలో ఇలాంటి ప్రాజెక్టులు చాలా చూశాను. ప్రారంభ సభ, రెండు భాషల్లో వెబ్‌సైట్, ఒక వ్యూహపత్రం, ముగింపు సభ. నిధి ఆగిన మరుసటి నెల నుంచి ఆ వెబ్‌సైట్‌ని పట్టించుకునేవాళ్లు ఉండరు.

మొత్తం కూడా చిన్నదే. 2014–2020 దశలో ఇంటర్‌రెగ్‌కు 1,010 కోట్ల యూరోలు కేటాయించారు. అదే కాలంలో ఈయూ సమైక్యతా విధానం (ప్రాంతాల మధ్య తేడాలు తగ్గించే విధానం, ఇంటర్‌రెగ్ అందులో భాగమే) బడ్జెట్ సుమారు 35,000 కోట్ల యూరోలు. వందకు మూడు కూడా కాదు. అది కూడా డజన్ల కొద్దీ ప్రోగ్రామ్‌లకు, వేల ప్రాజెక్టులకు పంచుతారు. ఇంత పలచగా పరిచిన డబ్బు ఒక ప్రాంతపు పోటీ సామర్థ్యాన్ని మారుస్తుందంటే నేను నమ్మను. ఆ డబ్బుతో నాలుగు పెద్ద పనులు చేసుంటే కనీసం కంటికి కనబడేవి.

రెండొడ్లు

నిలదీత గారూ, అంకెలు మీరు సరిగ్గానే చెప్పారు. కానీ ఈ నిధి ఏ పని కోసం పుట్టిందో దాన్నిబట్టి కొలవాలి. రోడ్లు, కర్మాగారాలు కట్టే డబ్బు కాదిది. సరిహద్దు వల్ల పెరిగే ఖర్చును తగ్గించే డబ్బు.

నేను జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లండ్ కలిసే అప్పర్ రైన్ ప్రాంతంలో పరిశోధన రంగంలో ఉన్నాను. ఇక్కడ బాజెల్, ఫ్రైబుర్గ్, స్ట్రాస్‌బుర్గ్, కార్ల్స్‌రూయె, ఆల్జాస్‌లోని ములూజ్ అన్నీ రోజువారీ రాకపోకల దూరంలోనే ఉన్నాయి. ఒకే దేశంలో ఉండుంటే ఈపాటికి ఒకే పెద్ద మార్కెట్‌గా, ఒకే పెద్ద ప్రయోగశాలల గుంపుగా మారేవి. మూడు దేశాల్లో ఉండటంతో ములూజ్‌లోని కంపెనీకి ఫ్రైబుర్గ్‌లో తనకు సరిపోయే పరీక్షా పరికరం ఉందన్న విషయమే తెలియదు. తెలిసినా ఒప్పందం ఏ దేశ చట్టం ప్రకారం రాసుకోవాలి, ఇంజినీర్‌ని రెండు వారాలు అటు పంపితే సామాజిక బీమా కాగితాలు ఏం కావాలి, నష్టం జరిగితే బాధ్యత ఎవరిది అని తేల్చుకునేసరికి ఉత్సాహం చల్లారిపోతుంది. పారిస్‌లోనో మ్యూనిక్‌లోనో ఉన్న పోటీదారుకు ఈ తలనొప్పులేవీ లేవు. సరిహద్దు ప్రాంతాలు పోటీలో వెనకబడేది ఎక్కువగా ఇక్కడే.

2017లో యూరోపియన్ కమిషన్ సరిహద్దు ప్రాంతాల మీద ఒక పత్రం ప్రకటించింది. ఈయూ అంతర్గత సరిహద్దు ప్రాంతాల్లో సుమారు 15 కోట్ల మంది ఉన్నారు. చట్టపరమైన, పాలనాపరమైన అడ్డంకుల్లో ఐదో వంతు తొలగించినా ఆ ప్రాంతాల జీడీపీ 2 శాతం పెరగొచ్చని అందులో అంచనా వేశారు. అంచనా అంచనానే అనుకోండి. అయినా లాభం ఏ వైపు నుంచి రావాలో అది చూపిస్తోంది. ఆ అడ్డంకుల్లో చాలావాటికి కోట్ల యూరోలు అక్కర్లేదు. రెండు వైపుల మనుషులు ఒక సమస్య మీద చివరిదాకా కూర్చోగలగాలి, వాళ్ల జీతాలు ఎవరో ఒకరు భరించాలి.

మా దగ్గర ఐదు విశ్వవిద్యాలయాలు కలిసి యూకోర్ పేరుతో పనిచేస్తున్నాయి. 2015లో దాన్ని ఈజీటీసీగా, అంటే సరిహద్దులు దాటి పనిచేయగల చట్టబద్ధ సంస్థగా నమోదు చేశారు. ఇప్పుడు ఉమ్మడి దరఖాస్తు పెట్టాలన్నా, ఉద్యోగిని తీసుకోవాలన్నా ప్రతిసారీ సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఫోటో తీసి చూపించే కట్టడం కాదు కాబట్టి దీని విలువ బయటివాళ్లకు కనబడదు.

నిలదీత

> ఆ అడ్డంకుల్లో చాలావాటికి కోట్ల యూరోలు అక్కర్లేదు

అసలు సంగతి అదే కదా. అడ్డంకి చట్టంలో ఉంటే చట్టం మార్చాలి. పన్ను ఒప్పందం, సామాజిక బీమా, వృత్తి అర్హతల గుర్తింపు, ఇవన్నీ రాజధానుల్లో తేలాల్సినవి. సరిహద్దు జిల్లాలో ప్రాజెక్ట్ పెట్టి సమస్యను అధ్యయనం చేస్తే, అధ్యయనమే మిగులుతుంది. రైలు పట్టా లేకపోతే, రెండు వైపులా పన్ను కట్టాల్సి వస్తే, మీ యూకోర్‌కి ఎన్ని ఒప్పందాలు ఉండి ఏం లాభం?

వంతెనదాటి

ఈ మాట మీద నేనూ ఒకటి చెప్పాలి. మాల్మోలో ఉంటూ కోపెన్‌హేగన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. స్వీడన్, డెన్మార్క్‌ల మధ్య ఉన్న ఓరెసుండ్ జలసంధి గురించి అందరూ ఉదాహరణ చెబుతారు, కానీ ఎక్కువమంది ఒక విషయం కలిపేసి మాట్లాడతారు. 2000 జూలైలో తెరిచిన ఆ వంతెన, సొరంగం సహకార గ్రాంట్లతో కట్టింది కాదు. రెండు దేశాల ప్రభుత్వాలు హామీ ఇస్తే అప్పు తెచ్చి కట్టారు. టోల్, రైల్వే చెల్లింపులతో ఆ అప్పు తీరుతోంది. అలాంటి పనికి ఇంటర్‌రెగ్ సరిపోదు, సరిపోవాలని ఎవరూ అనుకోలేదు కూడా.

కానీ వంతెన తెరిచిన రోజే ఉద్యోగ మార్కెట్ ఒకటైపోలేదు. స్వీడన్‌లో ఉండి డెన్మార్క్‌లో పనిచేస్తే పన్ను ఎక్కడ, పిల్లల భత్యం ఎక్కడ, ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి ఎవరిస్తారు? ఇవి తెలియక నా తోటివాళ్లలో చాలామంది మంచి ఆఫర్లు వదులుకున్నారు. ఓరెసుండ్‌డిరెక్ట్ అని ఒక సమాచార సేవ ఉంది. రెండు దేశాల అధికారుల దగ్గరి సమాచారం ఒకే చోట, మనకు అర్థమయ్యే మాటల్లో చెబుతుంది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు ధైర్యం ఇచ్చింది ఆ సేవే. వంతెన ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం. పైగా దీనికి అయ్యే ఖర్చు వంతెన ఖర్చుతో పోల్చదగ్గది కాదు.

పరిశోధన వైపు కూడా అంతే. స్వీడన్‌లోని లుండ్‌లో మ్యాక్స్ ఫోర్ సింక్రోట్రాన్ ఉంది, పక్కనే యూరోపియన్ స్పాలేషన్ సోర్స్ వస్తోంది. ఒకటి ఎక్స్-కిరణాలతో, ఇంకొకటి న్యూట్రాన్లతో పదార్థాలను పరిశీలించే కేంద్రాలు. ఆ పెద్ద యంత్రాలకు డబ్బు వేరే దారుల్లో వచ్చింది. వాటిని డెన్మార్క్, నార్వే వైపు యువ పరిశోధకులు వాడటం నేర్చుకోవడానికి, ఆ ప్రాంత సంస్థల మధ్య ఉన్న చిక్కులు విప్పడానికి ఒక ఇంటర్‌రెగ్ ప్రాజెక్ట్ నడిచింది. పెద్ద పెట్టుబడి పక్కన ఈ చిన్న నిధి పనిచేసే పద్ధతి అది.

అయితే నిలదీత గారి భయంలో నిజం ఉంది. 2016 జనవరిలో స్వీడన్ గుర్తింపు కార్డుల తనిఖీ పెట్టింది. 2017 మే వరకు కోపెన్‌హేగన్ విమానాశ్రయం దగ్గరి కాస్ట్రప్ స్టేషన్‌లో రైలు మారి, తనిఖీ దాటి రావాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి కట్టుకున్న నమ్మకం ఒక్క నిర్ణయంతో ఎంత దెబ్బతింటుందో అప్పుడు చూశాం. ఇక ఇంటి నుంచి పని పెరిగాక వచ్చిన పన్ను చిక్కులకు రెండు దేశాలు కొత్త ఒప్పందం చేసుకుంటే, అది 2025 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ మార్పు రాజధానుల్లోనే జరిగింది. కానీ ఏ చిక్కు ఎవరికి ఎంత నష్టం చేస్తోందో ఏళ్లపాటు పట్టికలు వేసి, ఉదాహరణలతో వాళ్ల ముందు పెట్టింది ఇక్కడి సంస్థలే. ఎవరూ అడక్కపోతే రాజధానికి సరిహద్దు గుర్తుకురాదు.

రెండొడ్లు

వంతెనదాటి గారు చివర్లో చెప్పిన మాటకు ఒకటి కలుపుతాను. 2018 నుంచి బి-సొల్యూషన్స్ అనే కార్యక్రమం నడుస్తోంది. సరిహద్దులో ఒక నిర్దిష్ట అడ్డంకి ఉందని స్థానిక సంస్థ చెబితే, చట్టం తెలిసిన నిపుణుడిని ఇచ్చి, అడ్డంకి నిజంగా ఏ నిబంధనలో ఉందో, దారి ఏమిటో రాయిస్తారు. 2025లో బ్రిడ్జ్‌ఫర్‌ఈయూ అనే నిబంధన కూడా ఆమోదం పొందింది. సభ్య దేశాలు తమ ఇష్టం మీద సమన్వయ కేంద్రాలు పెట్టుకుని ఇలాంటి ఫిర్యాదులు తీసుకోవచ్చు. తప్పనిసరి చేయకపోవడం నాకు నచ్చలేదు. అయినా కనీసం ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో తెలిసే దారి ఏర్పడింది.

తూర్పుగాలి

అందరికీ ధన్యవాదాలు. చర్చ చాలా ఉపయోగంగా ఉంది. ఇప్పుడు మా సంగతికి వస్తాను. మాకు కావాల్సింది రెండు. మా సెన్సర్లను అసలైన ఉత్పత్తి లైన్ మీద పరీక్షించే చోటు ఒకటి. అలాంటిది డచ్ వైపు ఒక అనువర్తిత విజ్ఞానాల విద్యాసంస్థలో ఉందని తెలిసింది. రెండోది అవతలి మార్కెట్‌లో మొదటి కస్టమర్. జర్మనీలో మాకు పాత కస్టమర్లు ఉన్నారు, పక్క దేశంలో మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. దీనికి మేమే పార్ట్‌నర్‌గా చేరాలా, ఇంకో దారి ఉందా?

లెక్కలపుస్తకం

మంచి ప్రశ్న. మీకు రెండు దారులున్నాయి, వాటి మధ్య తేడా పెద్దది.

మీరే పార్ట్‌నర్‌గా చేరితే పూర్తి బాధ్యత మీది. కనీసం రెండు దేశాల నుంచి పార్ట్‌నర్లు ఉండాలి. ప్రాజెక్టును కలిసి తయారు చేయాలి, కలిసి అమలు చేయాలి, సిబ్బందినో డబ్బునో లేదా రెండింటినీ కలిసి సమకూర్చాలి. లీడ్ పార్ట్‌నర్ మాత్రం మీరు కావద్దని నా గట్టి సలహా. ఒక పార్ట్‌నర్ పెట్టిన ఖర్చు చెల్లదని తర్వాత తేలితే ఆ డబ్బు వెనక్కి రాబట్టాల్సిన పని లీడ్ మీద పడుతుంది. చిన్న కంపెనీ మోయలేని బరువు అది. విద్యాసంస్థలకు, అభివృద్ధి సంస్థలకు అందుకు విభాగాలే ఉంటాయి.

ప్రభుత్వ సాయం నిబంధనలు కూడా మీకు వర్తిస్తాయి. కంపెనీకి ఇచ్చే డబ్బు మార్కెట్‌లో అన్యాయమైన మొగ్గు కాకూడదు. డి మినిమిస్ (చిన్న మొత్తాల సాయానికి ఇచ్చే మినహాయింపు) కింద 2024 నుంచి ఒక సంస్థకు మూడేళ్లలో 3 లక్షల యూరోల వరకు తీసుకోవచ్చు. అంతకుముందు 2 లక్షలు ఉండేది. మీ కంపెనీ వేరే పథకాల్లో ఇప్పటికే ఎంత తీసుకుందో చూసుకోండి, ఒకే గ్రూపులోని కంపెనీలన్నిటినీ కలిపే లెక్కిస్తారు. ఇంటర్‌రెగ్ ప్రాజెక్టులకు మినహాయింపు నిబంధనలు విడిగా కూడా ఉన్నాయి, ఏది వాడాలో ప్రోగ్రామ్ వాళ్లే చెబుతారు.

రెండో దారి, ఎవరో నడిపే ప్రాజెక్ట్ నుంచి సేవ పొందడం. ఆ విద్యాసంస్థ, ఇంకొన్ని సంస్థలు కలిసి పరీక్షా సదుపాయాన్ని సరిహద్దుకు రెండు వైపుల కంపెనీలకూ తెరుస్తాయి. మీరు చిన్న దరఖాస్తు పెట్టి, కొన్ని రోజుల పరీక్ష, నిపుణుడి సమయం తీసుకుంటారు. వోచర్ అని కూడా అంటారు. ఆ సేవ విలువనూ సాయంగానే లెక్కిస్తారు. అందుకే ఒక సరళమైన నిబంధన ఉంది. 2023 సవరణ తర్వాత ఒక ప్రాజెక్టులో ఒక కంపెనీకి 22,000 యూరోల దాకా ఆ దారిలో ఇవ్వొచ్చు. మీ వైపు కాగితం పని చాలా తక్కువ. మీరు చెప్పిన మొదటి అవసరానికి ఇదే సరిపోతుందనిపిస్తోంది.

ఉత్తరదీవి

నేను ఐర్లండ్ నుంచి రాస్తున్నాను. మీ రెండో అవసరం, అంటే అవతలి మార్కెట్‌లో మొదటి కస్టమర్, చదవగానే ఇక్కడి ఇంటర్‌ట్రేడ్‌ఐర్లండ్ గుర్తొచ్చింది. ఉత్తర ఐర్లండ్ గొడవలకు ముగింపు పలికిన 1998 శాంతి ఒప్పందం తర్వాత ఏర్పడ్డ సంస్థ ఇది. ఉత్తర, దక్షిణ ఐర్లండ్ ప్రభుత్వాలు రెండూ దీనికి డబ్బిస్తాయి. వాళ్ల ఇన్నోవేషన్ బూస్ట్ అనే పథకం గురించి తెలుసుకోండి, ఇంతకుముందు దాని పేరు ఫ్యూజన్. చిన్న కంపెనీ, సరిహద్దు అవతలి పరిశోధనా సంస్థ, ఒక పట్టభద్రుడు, ఈ ముగ్గురినీ కలుపుతారు. పట్టభద్రుడు కంపెనీలోనే కూర్చుని ఒక కొత్త ఉత్పత్తి మీదో పద్ధతి మీదో పనిచేస్తాడు. ప్రొఫెసర్ వెనక నుంచి దారి చూపిస్తాడు. పథకం ముగిశాక చాలామంది అదే కంపెనీలో ఉద్యోగులుగా ఉండిపోవడం చూశాను. రిపోర్టు షెల్ఫ్‌లోకి పోవచ్చు, మనిషి నేర్చుకున్న పని మాత్రం కంపెనీలోనే ఉంటుంది.

పెద్ద పనులు ఈ నిధుల్లో లేవన్నారు ఒకరు. ఇక్కడి ఇంటర్‌రెగ్ ప్రోగ్రామ్ అయిన పీస్‌ప్లస్ సుమారు 114 కోట్ల యూరోల కార్యక్రమం. అందులో 16.5 కోట్లు బెల్‌ఫాస్ట్–డబ్లిన్ రైళ్లను కొత్తగా మార్చడానికి కేటాయించారు. కాకపోతే మా సరిహద్దు చరిత్ర వేరు, బ్రిటన్ కూడా డబ్బు వేస్తుంది. కాబట్టి అందరికీ ఇంత వస్తుందనుకోలేం. బ్రెగ్జిట్ తర్వాత ఇంగ్లండ్–ఫ్రాన్స్ మధ్య నడిచిన ఇంటర్‌రెగ్ ప్రోగ్రామ్ ఆగిపోయింది. మాది మాత్రం నిలబడింది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఇక్కడ రెండు వైపుల వాళ్లూ ఎంత పట్టుబట్టారో దగ్గర్నుంచి చూసినదాన్ని, అందుకే ఇవి ఉత్త మీటింగులంటే బాధనిపిస్తుంది.

నిలదీత

ఉత్తరదీవి గారూ, మీ పనిని చిన్నబుచ్చాలని కాదు. మనుషుల్ని కంపెనీలో కూర్చోబెట్టే పథకం నాకూ నచ్చింది. నా కోపం కొలతల మీద. ఎన్ని సంస్థలు పాల్గొన్నాయి, ఎన్ని వ్యూహపత్రాలు రాశారు అని లెక్కిస్తే వ్యూహపత్రాలే పుడతాయి. ఎన్ని కంపెనీలు అవతలి దేశంలో మొదటి ఆర్డర్ తెచ్చుకున్నాయి, ఐదేళ్ల తర్వాత ఆ కస్టమర్ ఉన్నాడా అని అడిగితే ప్రాజెక్టుల రూపమే మారుతుంది. నేను ప్రాజెక్ట్ ఎంపిక కమిటీలో ఉంటే మొదట అడిగేది అదే.

రెండొడ్లు

ఇందులో మీతో నాకు పేచీ లేదు. ఈ దశలో కొంచెం మార్పు వచ్చింది. ఫలితాలు కొలవడానికి ప్రోగ్రామ్‌లన్నిటికీ ఉమ్మడిగా పెట్టిన సూచికల్లో "సరిహద్దు దాటి సహకరిస్తున్న సంస్థలు" ఒకటైతే, "ప్రాజెక్ట్ ముగిశాక కూడా సహకరిస్తున్న సంస్థలు" అనేది విడిగా పెట్టారు. "కలిసి తయారుచేసిన పరిష్కారాలు" ఒకటి, "వాటిని ఎవరైనా నిజంగా వాడుకలోకి తీసుకున్నారా" అనేది ఇంకొకటి. కానీ ముగిశాక అంటే ఏడాదిలోపు చూస్తారు. చిన్న కంపెనీకి కొత్త మార్కెట్ కుదురుకోవడానికి ఆ వ్యవధి చాలదు. మీరన్న ఐదేళ్ల ప్రశ్న ఇంకా ఎవరూ అధికారికంగా అడగట్లేదు. అడగాలి.

తూర్పుగాలి గారూ, కీప్ అనే డేటాబేస్ చూడండి. 2000 సంవత్సరం నుంచి జరిగిన ఇంటర్‌రెగ్ ప్రాజెక్టులు, పార్ట్‌నర్ల పేర్లు అందులో ఉంటాయి. మీ రంగంలో మీ సరిహద్దు మీద ఇప్పటికే ఏం జరిగిందో వెతికి, అందులో ఉన్న ఒకట్రెండు చిన్న కంపెనీలకు ఫోన్ చేయండి. ప్రాజెక్ట్ అయిపోయాక ఏం మిగిలిందని వాళ్లనే అడగండి. ఏ బ్రోషర్ కన్నా అది నమ్మదగ్గ సమాధానం.

తూర్పుగాలి

డేటాబేస్ చూశాను. మా రంగానికి దగ్గరగా ఉన్న ప్రాజెక్టులు దొరికాయి. ఒక డచ్ కంపెనీతో మాట్లాడాను కూడా. వాళ్లు చెప్పింది రెండొడ్లు గారి మాటకు దగ్గరగానే ఉంది. డబ్బు కన్నా, పరీక్షల కోసం అక్కడికి వచ్చిన పెద్ద ఆహార కంపెనీల ఇంజినీర్లతో ఏర్పడ్డ పరిచయాలే తర్వాత ఆర్డర్లు తెచ్చాయట. మేం ముందు వోచర్ దారిలో పరీక్షలు చేయించి, ఫలితం బాగుంటే తర్వాత ఒక పూర్తి ప్రాజెక్టులో పార్ట్‌నర్‌గా చేరదామని మా ఓనర్‌కి చెప్పాను. ఆయన సరేనన్నారు. ఆ స్థాయికి వెళితే ముందే జాగ్రత్తపడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

లెక్కలపుస్తకం

ఆ వరుస సరైనదే. కానీ మరీ ఆలస్యం చేయకండి. ఈ దశ డబ్బును 2029 చివరికల్లా ఖర్చు పెట్టాలి. మూడేళ్ల ప్రాజెక్టుకు చోటు తగ్గిపోతోంది, నిధి కూడా ముందు వచ్చినవాళ్లకు పోతూ ఉంటుంది. ఎంత మిగిలిందో యూరెజియోని అడగండి.

పార్ట్‌నర్‌షిప్ ఒప్పందం సంతకం చేయకముందే ఫలితాల హక్కులు తేల్చుకోండి. మీ సెన్సర్ డిజైన్ మీతో వచ్చింది, అది మీదే. పరీక్షల్లో కలిసి కనిపెట్టినది ఎవరిది, దాన్ని అమ్ముకునే హక్కు ఎవరికి, ఎంతవరకు ప్రచురించవచ్చు? విద్యాసంస్థ పేపర్ రాయాలనుకుంటుంది, మీరు పేటెంట్ అనుకుంటారు. ఈ గొడవ మధ్యలో మొదలైతే ప్రాజెక్టే ఆగుతుంది.

ఖర్చుల్లో సరళ పద్ధతి ఎంచుకోండి. సిబ్బంది ఖర్చు మీద 15 శాతం ఆఫీసు ఖర్చులుగా బిల్లుల్లేకుండా తీసుకునే వీలుంది. సిబ్బంది ఖర్చు మీద 40 శాతం కలిపి మిగతా ఖర్చులన్నిటినీ దాంట్లోనే సరిపెట్టే పద్ధతీ ఉంది. ఈ రెండూ ఒకేసారి కలపడం కుదరదు, ఏదో ఒకటే. పెద్ద పరికరం కొనేది ఉంటే రెండోది మీకు నష్టం. పరికరం కొంటే ఒప్పందంలో నిలకడ షరతు, అంటే ఆ పెట్టుబడిని ఎన్నేళ్లు అక్కడే ఉంచాలన్నది కూడా చూడండి. చిన్న, మధ్య తరహా కంపెనీలకు మూడేళ్ల దాకా తగ్గించే వీలుంది, లేకపోతే ఐదేళ్లు. ఆలోపు ఆ ప్రాంతం నుంచి ఉత్పత్తి తరలిస్తే డబ్బు తిరిగి అడుగుతారు.

తూర్పుగాలి

హక్కుల సంగతి మాకు తట్టనే లేదు. వచ్చే వారం విద్యాసంస్థ వాళ్లతో మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్నగా అదే పెడతాను. పరీక్షలు అయ్యాక ఏం తేలిందో ఇదే థ్రెడ్‌లో రాస్తాను.

నిలదీత

తప్పకుండా రాయండి. ఆర్డర్ వచ్చిందా లేదా అన్నది కూడా రాయండి, రాకపోయినా సరే.